ముఖానికి వెలుగా, వాతా? – లేజరు మొదలైన సౌందర్య చికిత్సలలో తెలుసుకోవలసిన జాగ్రత్తలు

మా గుంటూరు, ప్రకాశం మైదానాలలో మిరప సొమ్ము చేతికి వచ్చే కాలమూ, పెళ్ళిళ్ళ కాలమూ ఇంచుమించు ఒకటే. మాఘమాసం మొదలు కల్లాలలో కాయ ఎండుతుంది. ఫాల్గుణ, చైత్రాలలో టిక్కీలు గుంటూరు యార్డుకు చేరుతాయి. వైశాఖంలో మేళాలు మ్రోగుతాయి. ఈ నడుమ దొరికే నెలా రెండు నెలల వ్యవధిలో ఆడపిల్లల తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఇటీవల మారింది. ఇదివరకు “అమ్మాయికి ఏ నలుగు పెట్టమంటారు?” అని అడిగేవారు. ఇప్పుడు “లేజరు చేయించవచ్చునా?” అని అడుగుతున్నారు.

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. ఈ యంత్రాలతో చికిత్స చేసేవాణ్ణి కాను. కాని చేయించుకోబోయేవారూ, చేయించుకుని చిక్కుల్లో పడినవారూ నా వద్దకు వస్తూనే ఉన్నారు. అందుచేత ఈ విషయాన్ని నిష్పక్షపాతంగా పాఠకుల ముందుంచడం అవసరమని భావిస్తున్నాను. ఈ వ్యాసం ఉద్దేశం లేజరును తిట్టిపోయడం కాదు, పొగడడమూ కాదు. తగిన మనిషికి, తగిన కాలంలో, తగిన చేతిలో అది మంచి సాధనమే. ఆ మూడింటిలో ఏది తప్పినా ముఖం మీద మచ్చ మిగులుతుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నదన్న సామెత మనకు ఉండనే ఉంది.

ఈ చికిత్సలు ఏమిటి?

వ్యవహారంలో అన్నింటినీ కలిపి ‘లేజరు’ అంటున్నారు గాని, ఇవి నాలుగైదు రకాలు.

మొదటిది లేజరు. ఒకే రంగు గల, ఒకే దిశలో సాగే తీక్ష్ణమైన కాంతి ఇది. 1960లో అమెరికా శాస్త్రవేత్త థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేజరును వెలిగించాడు. రెండవది ఐ.పి.ఎల్. అనే కాంతి తళుకు. ఇది నిజానికి లేజరు కాదు. అనేక రంగులు కలిసిన బలమైన మెరుపు. మూడవది రేడియో తరంగాలతో చర్మం లోపలి పొరలను వేడిచేసే పద్ధతి. దీనిలోనే సన్నని సూదులను గుచ్చి, ఆ సూదుల ద్వారా వేడిని పంపే విధానం ఇప్పుడు ఎక్కువగా ప్రచారంలో ఉంది. నాలుగవది ధ్వని తరంగాలను లోపల ఒకచోట కేంద్రీకరించి, వదులైన చర్మాన్ని బిగించే పద్ధతి. అయిదవది వేడికి బదులు చలిని ప్రయోగించి క్రొవ్వును కరిగించే పద్ధతి.

మార్గాలు వేరయినా సూత్రం ఒకటే. శరీరంలోనికి శక్తిని పంపి, కావలసిన కణాలను ఉద్దేశపూర్వకంగా దెబ్బతీయడం, లేదా కొత్త కణజాలం పుట్టేటట్లు ప్రేరేపించడం. కాబట్టి “ఇందులో ఏమీ హాని లేదు” అనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి. కొంత హాని చేయడమే చికిత్స. ఆ హాని అనుకున్న చోటనే ఆగేటట్లు చూడడం వైద్యుని నేర్పు.

ఈ సంగతి మన పూర్వులకు కొత్త కాదు. సుశ్రుతాచార్యుడు సూత్రస్థానం పన్నెండవ అధ్యాయంలో అగ్నికర్మను వివరించాడు. దేనితో కాల్చాలి, ఎంత లోతున కాల్చాలి, ఎవరికి కాల్చరాదు అన్నవన్నీ అందులో ఉన్నాయి. కాలిన గాయాలను ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని నాలుగుగా విభజించాడు. లోతుగా పోకుండా తాటిపండు రంగులో కుదురుగా ఉన్నది సమ్యగ్దగ్ధం. అంటే సరిగ్గా కాలినది. రంగు మారి విపరీతంగా మండేది ప్లుష్టం, బొబ్బలెక్కేది దుర్దగ్ధం, మాంసం దాకా పోయేది అతిదగ్ధం. నేటి లేజరు గది సుశ్రుతుని కాలంలో లేదు. కాని యంత్రం మీటను తిప్పే చేతికి ఈ నాలుగింటికీ నడుమ గల తేడా తెలిసి ఉండాలన్న నియమం మాత్రం మారలేదు.

లేజరు ఎలా పనిచేస్తుంది?

1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే అమెరికా వైద్యులు ఈ చికిత్సకు పునాది వంటి సూత్రాన్ని ప్రతిపాదించారు. చర్మంలో ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క రంగు కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. రోమాల నలుపుకు కారణమైన మెలనిన్ ఒక కాంతిని, రక్తంలోని ఎరుపు మరొక కాంతిని, కణాలలోని నీరు వేరొక కాంతిని గ్రహిస్తాయి. తగిన కాంతిని ఎంచుకుని, ఆ పదార్థం చల్లారడానికి పట్టే కాలం కన్న తక్కువ కాలం ప్రసరింపజేస్తే అది మాత్రమే వేడెక్కుతుంది, చుట్టుప్రక్కల భాగం దెబ్బతినదు.

హారతి పళ్ళెం ముందుకు రాగానే మంట మీద చేయి చాచి కళ్ళకద్దుకుంటాము. ఆ క్షణకాలంలో చేతికి వెచ్చదనమే తెలుస్తుంది. అదే చేతిని మంట మీద నిలిపితే కాలుతుంది. లేజరు విషయంలోనూ కాంతి రకం ఎంత ముఖ్యమో, అది ప్రసరించే కాలమూ, బలమూ అంత ముఖ్యం. ఈ మూడింటినీ ప్రతి మనిషి చర్మానికీ విడివిడిగా లెక్కకట్టుకోవాలి.

మన చాయకు ప్రత్యేకమైన జాగ్రత్త

పాఠకులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను. రోమం వేరులో ఉన్న మెలనినే మన చర్మం పై పొరలోనూ ఉంది. తెల్లవారి చర్మంలో అది బహు స్వల్పం. అందుచేత వారికి కాంతి నేరుగా రోమపు వేరుకు చేరుతుంది. మన చామనచాయ చర్మంలో మాత్రం కాంతి దారిలోనే మెలనిన్‌కు చిక్కి, పై చర్మాన్ని వేడెక్కిస్తుంది. యంత్రం ఒకటే, మీట ఒకటే. తెల్ల చర్మం మీద చికిత్స అయినది నల్ల చర్మం మీద కాల్పు అవుతుంది.

అమెరికా చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ఎండకు చర్మం ఎర్రబడుతుందా, నల్లబడుతుందా అన్న దానిని బట్టి చర్మాలను వర్గీకరించాడు. మొదట తెల్ల చర్మాలకే పరిమితమైన ఆ పట్టికకు గోధుమ, నలుపు చర్మాల కోసం అయిదవ, ఆరవ తరగతులు తరువాత చేరాయి. మన ప్రాంతపు వారిలో ఎక్కువమంది నాలుగు, అయిదు తరగతులలోకి వస్తారు. పొలం పనిలో ఎండకు ఎండినవారు అంతకన్నా ముదురు చాయలో ఉంటారు.

కాంతి తరంగం పొడవు పెరిగే కొద్దీ మెలనిన్ దానిని పీల్చుకోవడం తగ్గుతుంది. దీనిని నానోమీటర్లలో కొలుస్తారు. ఒక నానోమీటరు అంటే మీటరులో నూరు కోట్ల వంతు. రోమాల తొలగింపుకు వాడే అలెగ్జాండ్రైట్ లేజరుది 755, డయోడ్ లేజరుది సుమారు 810, ఎన్‌డి-యాగ్ లేజరుది 1064 నానోమీటర్లు. కాబట్టి ముదురు చాయవారికి ఎన్‌డి-యాగ్ ఎక్కువ క్షేమమని చర్మవైద్యులు చెబుతారు. అనేక రంగులు కలిసిన ఐ.పి.ఎల్. తళుకు మన చాయకు ఎక్కువ ప్రమాదకరం. ఇంట్లోనే వాడుకొమ్మని బజారులో అమ్మే చేతి యంత్రాలలో ఎక్కువ భాగం ఈ తళుకు రకమే. బాగా ముదురు చాయ మీద వాడరాదని చాలామంది తయారీదారులే తమ కాగితంలో వ్రాస్తారు. ఆ కాగితాన్ని చదవకుండానే యంత్రాన్ని వాడేవారు ఎందరో!

మన ఎండ, మన ఋతువులు

ఎండ తగిలి నల్లబడిన చర్మంలో మెలనిన్ మరింత పెరిగి ఉంటుంది. ఆ స్థితిలో లేజరు వేయిస్తే కాలే అవకాశం హెచ్చు. చికిత్స అయిన తరువాత ఎండ తగిలితే నల్ల మచ్చలు తేలుతాయి. చైత్ర, వైశాఖాలలో మన మైదానాలలో మిట్టమధ్యాహ్నపు ఎండలోని అతినీలలోహిత కిరణాల సూచిక 11 దాటడం సాధారణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో 11, ఆ పైన ఉన్నదంతా అత్యంత తీవ్రమైన స్థాయి.

అగ్నికర్మను గ్రీష్మ, శరదృతువులలో మానుకొమ్మని, అత్యవసరమైతే తప్ప చేయరాదని సుశ్రుతుడు చెప్పాడు. గ్రీష్మం మాట అందరికీ అర్థమవుతుంది. వానలు వెలిసిన తరువాత వచ్చే శరత్తు ఎండ కూడా తీక్ష్ణమే. పత్తి తీతకు వెళ్ళే మన ఆడవారిని అడిగితే ఆశ్వయుజపు ఎండ ఎలా చురుక్కుమంటుందో చెబుతారు. ఆధునిక వైద్యులు ఏ ఋతువునూ పూర్తిగా నిషేధించరు. ఎండ తగలకుండా కాచుకోగలిగితే చాలునంటారు. కాని కల్లంలో మిరపకాయ ఏరే అమ్మాయి, పత్తి చేనులో వంగి పనిచేసే అమ్మాయి, ద్విచక్రవాహనం మీద కళాశాలకు వెళ్ళే అమ్మాయి ఎంతవరకు కాచుకోగలరో ఆలోచించండి. మన ప్రాంతానికి మార్గశిర, పుష్య, మాఘ మాసాలు అనుకూలమని నా అభిప్రాయం. మిరప సొమ్ము వచ్చాక, పెళ్ళికి ముందు, నడివేసవిలో తొందరపడి చేయించడమే అన్నిటికన్న అననుకూలం.

కలుగగల హానులు

1. కాలిన గాయాలు, బొబ్బలు: చికిత్స జరిగిన చోట కొద్దిపాటి ఎరుపు, మంట కొన్ని గంటలలో తగ్గిపోతాయి. బొబ్బలు, చారలు, పొక్కులు వస్తే మాత్రం అది కాల్పే.

2. నల్ల మచ్చలు: కాలిన చోట మెలనిన్ ఎక్కువగా తయారై మచ్చలు పడతాయి. మన చాయవారిలో తరచుగా కనిపించే చెరుపు ఇదే. సాధారణంగా నెలల మీద వాడిపోతాయి.

3. తెల్ల మచ్చలు: రంగు తయారుచేసే కణాలే దెబ్బతింటే ఆ చోటు తెల్లబారుతుంది. ఇవి మానడం కష్టం, కొన్ని శాశ్వతంగా మిగులుతాయి. మన సమాజంలో వీటిని చూసి బొల్లి అని అపోహపడేవారు ఉన్నారు కాబట్టి ఆడపిల్లకు ఇది రెట్టింపు బాధ.

4. రోమాలు పెరగడం: తొలగించడానికి పోతే కొందరిలో సన్నని నూగు ముదిరి గట్టి రోమాలుగా మారుతుంది. ముఖం మీద, దవడ క్రింద, ముదురు చాయవారిలో, హార్మోనుల తేడా ఉన్న స్త్రీలలో దీనిని ఎక్కువగా గమనించారు.

5. కంటికి హాని: 400 నుండి 1400 నానోమీటర్ల లోపు కాంతి కనుపాపను దాటి రెటీనా మీద కేంద్రీకృతమవుతుంది. ఎన్‌డి-యాగ్ కాంతి కంటికి కనబడదు. కనబడకుండానే చెరుపు చేస్తుంది. రెప్పలు మూసుకుంటే చాలదు. ఆ లేజరుకు తగిన రక్షణ అద్దాలు రోగికీ, చికిత్స చేసేవారికీ ఇద్దరికీ ఉండాలి. కనుబొమల క్రింది రోమాలకు లేజరు వేయించవద్దు.

6. క్రొవ్వు కరగడం, నరాలకు దెబ్బ: సూదులతో రేడియో తరంగాలను పంపే చికిత్స గురించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025 అక్టోబరులో ప్రజలకు హెచ్చరిక జారీచేసింది. కాలిన గాయాలు, మచ్చలు, ముఖంలో క్రొవ్వు కరిగి గుంటలు పడడం, ఆకారం చెడడం, నరాలు దెబ్బతినడం వంటివి తమ దృష్టికి వచ్చినవని తెలిపింది. ఇది ఇంటి వద్ద చేసుకోదగిన సౌందర్య ప్రక్రియ కాదని, వైద్య ప్రక్రియ అని చెప్పింది. అదే సంస్థ 2018 జూలైలో, స్త్రీల మర్మాంగాలకు యౌవనం తెస్తామంటూ లేజరు, రేడియో తరంగాల యంత్రాలను వాడడం గురించి కూడా హెచ్చరించింది. వాటివల్ల కాలిన గాయాలు, దీర్ఘకాలపు నొప్పి కలిగిన సంగతులు ఆనాడు బయటపడ్డాయి. ఇక చలితో క్రొవ్వు కరిగించే పద్ధతిలో అరుదుగా కొందరికి, కరగవలసిన క్రొవ్వు గట్టిపడి మరింత పెరుగుతుంది.

7. మొద్దుబార్చే మందు: దీనిని ఎవరూ పట్టించుకోరు గాని ప్రాణాంతకమైనది ఇదే. నొప్పి తెలియకుండా పూసే లిడోకెయిన్ వంటి మందు చర్మం గుండా రక్తంలో కలుస్తుంది. అమెరికాలో ఇద్దరు యువతులు కాళ్ళకు లేజరు చేయించుకోవడానికి ముందు ఈ మందును దట్టంగా పూసుకుని, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకున్నారు. మూర్ఛలు వచ్చి, స్పృహ తప్పి, ఇద్దరూ మరణించారు. 2007లో ఆ దేశపు నియంత్రణ సంస్థ దీనిపై హెచ్చరిక వెలువరించింది. 2024లో మళ్ళీ, మోతాదు మించిన ఇటువంటి మందుల గురించి హెచ్చరించింది. కాబట్టి ఈ మందును ఇంటి వద్ద పూసుకుని వెళ్ళవద్దు. విశాలమైన భాగానికి పూయవద్దు. పూసి కట్టు కట్టవద్దు.

ఒక అనుభవం

చిలకలూరిపేట చేరువలోని ఒక గ్రామం నుండి ఒక తల్లి తన కుమార్తెను నా వద్దకు తీసుకువచ్చింది. అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. పైపెదవి మీద, గడ్డం క్రింద రోమాలున్నాయని పట్టణంలో ఒక అలంకరణశాలలో యంత్రంతో చికిత్స చేయించారు. అక్కడ వైద్యుడు లేడు. చికిత్సకు ముందు ఎవరూ ఏమీ అడగలేదు. “చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదని చెప్పారండీ, డాక్టరుగారూ” అన్నది ఆ తల్లి. ఆ రాత్రికి గడ్డం మీద వరుసగా పొక్కులు లేచాయి. ఇంట్లో పెద్దవారు నిమ్మరసంలో పసుపు కలిపి పూశారు. నేను చూసేసరికి ఎనిమిది రోజులైంది. పొక్కులు చితికి, చీము పట్టి ఉన్నాయి.

చీము పట్టిన కాలిన గాయానికి లేపనాలతో కాలయాపన చేయరాదు. వెంటనే గుంటూరులో చర్మవైద్య నిపుణుని వద్దకు పంపాను. గాయం మూడు వారాలలో మానింది. నల్ల మచ్చలు వాడిపోవడానికి ఏడాదికి దగ్గరగా పట్టింది. గడ్డం క్రింద రెండు తెల్లని చుక్కలు మాత్రం మిగిలిపోయాయి. తరువాత పరీక్షలు చేయిస్తే, అమ్మాయికి ఋతుక్రమం తప్పుతూ అండాశయాలలో నీటి బుడగలు ఉన్నట్లు తేలింది. రోమాలకు మూలం అక్కడ ఉంది. మూలాన్ని విడిచి చివుళ్ళను త్రుంచడం వల్ల ప్రయోజనం లేదు. గడ్డం మీద, రొమ్ము మీద రోమాలు కొత్తగా ఎక్కువైన స్త్రీలు మొదట హార్మోనుల పరీక్ష చేయించుకోవాలి.

దేనికి చేయించుకోవచ్చు? దేనికి ఆగాలి?

రోమాలకు: లేజరు రోమాలను శాశ్వతంగా తగ్గిస్తుంది, పూర్తిగా నిర్మూలించదు. నాలుగు నుండి ఆరు వారాల ఎడంతో ఆరు, ఎనిమిది పర్యాయాలు అవసరమవుతుంది. నెరసిన రోమాల మీద ఇది పనిచేయదు. వాటిలో మెలనిన్ లేదు గదా. చికిత్సకు నెలా నెలన్నర ముందు నుండి దారంతో గాని, మైనంతో గాని రోమాలను పీకించవద్దు. వేరు లేకపోతే లేజరుకు గురి లేదు. క్షౌరం చేయవచ్చు. క్షౌరం చేస్తే రోమాలు దట్టమవుతాయన్నది అపోహ.

మంగు మచ్చలకు: ఆయుర్వేదం దీనిని వ్యంగం అన్నది. బుగ్గల మీద వచ్చే ఈ మచ్చలకు లేజరు మొదటి చికిత్స కాదు. ఎండ, గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యం దీనికి కారణాలు. లేజరు వేడివల్ల మంగు మరింత నల్లబడవచ్చు, లేదా కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ తిరగబెట్టవచ్చు. పదే పదే వేయించిన వారిలో చిల్లులు చల్లినట్లు తెల్ల చుక్కలు తేలడమూ కద్దు.

పుట్టుమచ్చలకు: ఆకారం గాని రంగు గాని మారుతున్న మచ్చను, రక్తం వస్తున్న మచ్చను పరీక్ష చేయించకుండా లేజరుతో చెరిపించవద్దు. అది క్యాన్సరు అయితే పైరూపం పోయి లోపల మిగులుతుంది. మన చాయవారిలో ఇటువంటి క్యాన్సరు అరికాలు, అరచేయి, గోరు క్రింద ఎక్కువగా వస్తుందని గుర్తుంచుకోండి.

పచ్చబొట్టుకు: మసితో పొడిపించుకున్న పాత పచ్చబొట్టు తగిన లేజరుకు బాగా లొంగుతుంది. కాని అనేక పర్యాయాలు పడుతుంది. పెదవులకు, కనుబొమలకు వేయించుకున్న తెలుపు, ఎరుపు, లేతరంగు సిరాలు లేజరు తగలగానే నల్లగా మారవచ్చు.

ముందుగా వైద్యునికి చెప్పవలసినవి

గర్భవతులు ఈ చికిత్సలను వాయిదా వేసుకోవాలి. గుండెకు పేస్‌మేకరు అమర్చినవారు రేడియో తరంగాల చికిత్సకు పోరాదు. కాలినా, తెగినా గడ్డలా మచ్చ పెరిగే తత్వం గలవారు, పెదవుల మీద తరచుగా నీటి పొక్కులు వచ్చేవారు, మూర్ఛవ్యాధి గలవారు, మధుమేహం అదుపులో లేనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు మ్రింగుతున్నవారు కూడా చెప్పాలి.

మన ఇళ్ళలో వాడే మందులను వైద్యుని వద్ద దాచేవారు ఎక్కువ. బొల్లికి వాడే బావంచాలలో సోరలిన్ అనే పదార్థం ఉంది. అది చర్మానికి ఎండను, కాంతిని తట్టుకోలేని స్వభావాన్ని కలిగిస్తుంది. బావంచాల తైలం గాని, చూర్ణం గాని వాడుతున్నవారు ఆ మాట దాచకూడదు. అలాగే తెల్లబరచే లేపనాలు. వీటిలో చాలావాటిలో స్టెరాయిడ్ మందు కలుస్తుంది. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ లేపనాలను నిబంధనల క్రిందికి తెచ్చింది. అయినా వాటిని అడిగి కొనుక్కునే అలవాటు పోలేదు. నెలల తరబడి అది పూసిన ముఖచర్మం పలచబడి ఉంటుంది. అటువంటి చర్మం మీద లేజరు వేయించడం ఆరోగ్యానికి మంచిది కాదు.

వంటింటి సాధనాలు: ఏవి మేలు, ఏవి చేటు?

చికిత్స రోజున ముఖానికి పసుపు, నూనె, కాటుక, పౌడరు ఏవీ ఉండరాదు. పసుపు మరక ఉంటే చర్మం అసలు చాయ వైద్యునికి కనిపించదు. చికిత్స తరువాత కనీసం వారం రోజులు సున్నిపిండితో రుద్దడం, ఆవిరి పట్టడం, వేన్నీళ్ళు మానాలి. నిమ్మరసం అసలే వద్దు. నిమ్మరసం పూసిన చర్మానికి ఎండ తగిలితే మామూలు చర్మం కూడా మచ్చపడుతుంది. మిరపకాయ పనికి వెళ్ళేవారు ఆ వారం రోజులు పని మానుకోవడం మంచిది. లేత చర్మం మీద మిరప ధూళి పడితే మంట చెప్పనలవి కాదు.

పొరపాటున కాలితే మొదటి చికిత్స నీళ్ళే. చల్లని, శుభ్రమైన నీటి ధార క్రింద ఇరవై నిమిషాలు ఉంచండి. మంచుగడ్డ పెట్టవద్దు. సిరా, పళ్ళపొడి, పేస్టు, వెన్న పూయవద్దు. బొబ్బలను చిదపవద్దు. చర్మం చిట్లకుండా కేవలం ఎర్రబడి మండుతుంటే, శుభ్రంగా కడిగిన కలబంద మట్ట నుండి పసుపుపచ్చని జిగురు కారిపోనిచ్చి, లోపలి గుజ్జును పలచగా పూయవచ్చు. చర్మం ఊడినా, చీము పట్టినా, కంటి దగ్గర అయినా ఇంటి వైద్యం కూడదు. అదే రోజు వైద్యుణ్ణి కలవాలి.

ఇక అసలు లేజరు అవసరం లేనివారి మాట. చరకాచార్యుడు వర్ణ్య గణంలో చెప్పిన పది ద్రవ్యాలలో చందనం, వట్టివేళ్ళు, అతిమధురం, మంజిష్ఠ, సుగంధిపాల ఉన్నాయి. ఆరోగ్యమైన చర్మానికి రెండు చెంచాల పెసరపిండిలో అర చెంచాడు అతిమధురం చూర్ణం కలిపి, కాచి చల్లార్చిన పాలతో తడిపి, ముఖానికి పలచగా పట్టించి, పూర్తిగా ఆరకముందే కడగవచ్చు. గట్టిగా రుద్దకూడదు. దీనికి కూడా ముందు మోచేతి మడతలో పూసి ఒక రోజు చూడాలి. ఇది చర్మాన్ని శుభ్రంగా, మెత్తగా ఉంచుతుంది. ముదురు రోమాన్ని వేరుతో తీస్తుందని గాని, పుట్టిన చాయను మారుస్తుందని గాని నేను చెప్పను. అలా చెప్పేవారు వైద్యులైనా, వ్యాపారులైనా నమ్మకండి.

డబ్బు కట్టకముందు అడగవలసిన ప్రశ్నలు

అమెరికాలో న్యాయస్థానాలకు వెళ్ళిన లేజరు కేసులను పరిశీలించగా, వైద్యులు కానివారు యంత్రం పట్టినవాటి పాలు 2008లో నూటికి 36 ఉండగా, 2011 నాటికి నూటికి 78కి చేరింది. ఈ కేసులలో అన్నిటికన్న తరచుగా కనిపించిన ప్రక్రియ రోమాల తొలగింపు. చిన్న పని అనుకున్నదే పెద్ద చిక్కుగా మారుతున్నదన్నమాట. కాబట్టి మొహమాటపడకుండా ఇవి అడగండి.

1. చికిత్సను నిర్ణయించేది ఎవరు? యంత్రం పట్టేది ఎవరు? ఆ వైద్యుని పేరు మెడికల్ కౌన్సిల్‌లో నమోదయిందా? చర్మవైద్యంలో ఎం.డి. గాని, డిప్లొమా గాని ఉందా?

2. యంత్రం ఏ రకం? తరంగం పొడవు ఎంత? నా చాయకు తగినదేనా?

3. చెవి ముందు గాని, దవడ క్రింద గాని చిన్న చోట ముందుగా పరీక్షించి చూస్తారా? కనీసం రెండు రోజులు, మన చాయకు వారం పది రోజులు ఆగి చూడడం మేలు.

4. చర్మాన్ని చల్లబరచే ఏర్పాటు, కంటి అద్దాలు ఉన్నాయా?

5. పొక్కులు వస్తే రాత్రివేళ ఎవరిని పిలవాలి?

6. ప్రతి పర్యాయం వాడిన యంత్రం, బలం వ్రాసి ఇస్తారా? రసీదు ఇస్తారా?

చివరి ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు. మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థలు నమోదు కావాలని 2002లోనే చట్టం వచ్చింది. ఆ పత్రం చూపించమని అడగడం మన హక్కు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఇప్పుడు అమలులో ఉన్న 2019 చట్టం ప్రకారం హాని కలిగిన రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ నిలబడడానికి రసీదు, వ్రాతలు, చికిత్సకు ముందు తరువాత తీసిన ఫోటోలు కావాలి.

ఎక్కువ ఖర్చు భరించలేనివారు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలోని చర్మవ్యాధుల విభాగాలలో ముందు సలహా తీసుకోవడం మంచిది. అమ్మకానికి ఏ చికిత్సా లేని చోట “మీకు ఇది అవసరం లేదు” అనే మాట వినే అవకాశం ఎక్కువ.

చివరిగా తల్లులకు ఒక మనవి. పెళ్ళి ముహూర్తానికి మూడు నెలల లోపు ముఖానికి ఏ కొత్త చికిత్సా మొదలుపెట్టకండి. చేయించదలచితే, పెళ్ళిమాటలు రాకముందే, అమ్మాయి తనంతట తాను కోరుకుంటేనే, ఏడాది వ్యవధి పెట్టుకుని, హేమంతంలో ప్రారంభించండి. వ్యవధి లేకపోతే మానేయండి. పైపెదవి మీది నూగు వల్ల ఏ సంబంధమూ తప్పిపోదు. తప్పిపోయినదంటే ఆ సంబంధం మంచిది కాదని ముందే తెలిసినందుకు సంతోషించవచ్చు. తొందరపాటు చికిత్సవల్ల పడిన తెల్ల మచ్చ మాత్రం పెళ్ళి అయిన తరువాత కూడా అమ్మాయితోనే ఉంటుంది.